మా కండల్లోని తలుపు

ఏడాదికోసారి కండరాల పాఠం వస్తుంది. ఆదోనిలో నేను పనిచేసే డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పాఠం పదకొండేళ్లుగా నా నెత్తినే ఉంది. పుస్తకం తెరవకుండా చెప్పగలను. ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చి, కాళ్లు పీకుతున్నా, గొంతు బొంగురుపోయినా చెప్పగలను. అంత బాగా వచ్చిన పాఠాన్ని పదేళ్లపాటు అర్థం చేసుకోకుండానే చెప్పానని తలుచుకుంటే మాత్రం నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది.

పాఠం ఇదీ. కండ ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. ప్రతి కండర కణం లోపలా కాల్షియాన్ని దాచిపెట్టే గది ఒకటి ఉంటుంది. ఆ గది గోడకు తలుపులుంటాయి. వాటిని రిసెప్టర్లంటారు, అవి ప్రొటీన్లు. నరం నుంచి కబురు రాగానే తలుపు తెరుచుకుంటుంది, కాల్షియం బయటికి వస్తుంది, కండ బిగుస్తుంది. రెప్పపాటులో తలుపు మూసుకుంటుంది. బయటికి వచ్చిన కాల్షియాన్ని తోడి మళ్లీ గదిలో పోయడానికి పంపులుంటాయి. అవి తోడేయగానే కండ వదులవుతుంది. గుండె కొట్టుకోవడానికీ, నోట్లో లాలాజలం ఊరడానికీ, తల్లి కడుపులో అండం పిండంగా మారడానికీ కూడా కాల్షియమే కావాలి. మరి ఒకే కాల్షియం ఇన్ని కబుర్లు ఎలా మోస్తుందని పిల్లల్ని అడుగుతాను. ఎవరూ చెప్పరు. అప్పుడు నేనే చెబుతాను. కాల్షియానికి సొంత తెలివేమీ లేదు. ఎక్కడ తెరవాలో, ఎంతసేపు తెరవాలో, ఎన్నిసార్లు తెరవాలో తలుపు చూసుకుంటుంది. కణానికి అర్థమయ్యేది ఆ తెరవడం, మూయడమే.

ఇక్కడ పిల్లలందరినీ పిడికిలి బిగించి వదలమంటాను. నవ్వుకుంటూ చేస్తారు. ఆ ఏడాది కూడా చేశారు. అప్పుడు చివరి బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. కృష్ణగిరి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల, అంతకుముందు ఒక్క ప్రశ్న కూడా వేసిన పాపాన పోలేదు.

"మేడమ్, తలుపు తెరుసుకున్యాక మల్లా మూసుకోకపోతే ఏమైతాది?"

"అట్లాంటివాళ్లు ఉంటారు," అన్నాను ఉషారుగా. "కొన్ని కుటుంబాల్లో ఆ ప్రొటీన్‌లో పుట్టుకతోనే చిన్న తేడా ఉంటుంది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. ఆపరేషన్ కోసం కొన్ని రకాల మత్తు గ్యాసులు ఇచ్చినప్పుడు మాత్రం ఆ తలుపు తెరుచుకుని మూసుకోదు. కాల్షియం వస్తూనే ఉంటుంది, పంపులు తోడుతూనే ఉంటాయి. ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోతుంది. ఆ వృథా పనికి పుట్టిన వేడితో మనిషి పెనంలా కాలిపోతాడు..."

మిగతా వాక్యం నోట్లోనే ఆగిపోయింది. చేతిలో చాక్‌పీసు అలాగే ఉంది. "పొయ్యిలోంచి తీసినట్టు కాలిపోతాండె నా కొడుకు" అని నూలు చుడుతూ, తనలో తనే ఏడ్చుకునే మా అవ్వ గొంతు నా చెవిలో పడింది. అవ్వ పోయి చాలా కాలమైంది. ఆ మాట నేను చిన్నప్పుడు వందసార్లు విని ఉంటాను. ఆ పాఠం పదిసార్లు చెప్పాను. రెండూ ఒక్కటేనని ఆ పిల్ల అడిగేదాకా నాకు తట్టలేదు.

అవ్వ ఏడ్చింది మా చిన్నాయన కోసం. చిన్నాయనంటే మా నాన్న తమ్ముడు. ఇరవై ఏళ్లకే పోయాడు. నాకప్పుడు మూడేళ్లు. అపెండిక్స్ ఆపరేషన్‌కని, మా ఊళ్లోనే అప్పట్లో ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోముకు నాన్న వెంటబెట్టుకుని తీసుకెళ్లాడట. నడిచి వెళ్లిన మనిషి మధ్యాహ్నానికి మంచం మీద ఇంటికొచ్చాడు. డాక్టరు మత్తు ఎక్కువిచ్చి చంపేశాడని మా చేనేత వీధి అక్కడికక్కడే తేల్చేసింది. రాళ్లు పడ్డాయి, అద్దాలు పగిలాయి. ఆర్నెల్లు తిరక్కుండానే ఆ డాక్టరు మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక మాట స్థిరపడింది. మన ఇంటికి కత్తి పడదు. పన్ను పీకించుకోవడానికి కూడా వణికే ఇల్లు మాది. ఇంకో నియమం కూడా ఉండేది. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించే రోజున, ఏ మంచి పని మొదలుపెట్టే పూటనైనా, ఆపదలో పోయినవాళ్ల మాట ఎత్తకూడదు. మూడు మగ్గాల ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకదానికి కొత్త పడుగు ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి, చిన్నాయన మాట ఎత్తే రోజంటూ మాకు రానే లేదు.

ఆ పిల్ల ఇదే ప్రశ్న ఇంకో ఏడాది వేసి ఉంటే, ఆహా అని ఆశ్చర్యపోయి ఊరుకునేదాన్నేమో. కానీ ఆ ఏడాది మా అత్త చావుకు దగ్గరగా ఉంది.

అత్తంటే నాన్నకు అక్క. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికొచ్చి, అప్పటి నుంచీ మాతోనే ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, తిట్టిందీ, చదివించమని నాన్న మెడ మీద కూర్చున్నదీ ఆమే. నోరు కత్తెర. డెబ్బై దాటినా రోజూ మగ్గం గుంటలోకి దిగుతుంది. అట్లాంటి మనిషి పిత్తాశయంలో రాళ్లతో ఏడాదిగా మెలికలు తిరిగిపోతోంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కనిపిస్తే ఆగలేదు, తిన్నాక ఆ నొప్పి ఓర్చుకోలేదు. మూడుసార్లు జ్వరంతో ఆదోనిలో ఆసుపత్రిలో పడింది. మూడోసారి కళ్లు పచ్చబడ్డాయి. ఇంకోసారి చీము పడితే మనిషి దక్కదని, ఆపరేషన్ చేసి తీరాలని సర్జన్ చెప్పాడు. అత్త మాత్రం గోడకేసి తిరిగి పడుకుని, "కత్తి పడదు మన ఇంటికి" అనేది.

చేయించకపోతే చీము పడి పోతుంది. చేయిస్తే, నా అనుమానం నిజమైతే, మత్తుతోనే పోతుంది. ఆ సాయంత్రం బస్సులో ఎవరో పక్కన సీటిచ్చినా కూర్చోలేకపోయాను.

ఇంటికెళ్లగానే నాన్న దగ్గరికి వెళ్లాను. చిన్నాయన పోయినప్పుడు పక్కనున్నది నాన్న ఒక్కడే. ఆయన గుంటలో కూర్చుని నేస్తున్నాడు.

"నాయనా, చిన్నాయనకు ఆ పొద్దు ఏమైంది? ఒళ్లు బాగా కాలిందా? బిగుసుకుపోయిందా?"

పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగింది. నాన్న తలెత్తలేదు.

"నాకు గ్యాపకం ల్యా."

"అదెట్లా గ్యాపకం ఉండదు? నీ తమ్ముడే కదా?"

"ల్యాదంటే ల్యాదు. పో, అన్నం తిను పో." మళ్లీ నాడె కదిలింది, ముందుకంటే గట్టిగా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అరిచాను. అత్త ప్రాణం మీదికొస్తే ఈ మొండితనమేమిటన్నాను. నాన్న నేస్తూనే ఉన్నాడు. ఆయన జీవితంలో ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరికీ జవాబూ చెప్పలేదు. ఆ రెండూ ఒకటేనని నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట.

అత్తను ఒప్పించడం నేననుకున్న దానికంటే తేలికైంది. ఎందుకంటే ఆమెకు పాఠం చెప్పాను. మంచం పక్కన కూర్చుని గది, తలుపు, పంపు అన్నీ చెప్పాను. మా కాలేజీ పిల్లలకంటే బాగా విన్నది.

"అయితే కత్తి కాదంటావా తప్పు?"

"కాదత్తా. ఆ గ్యాసు. అది పడదు మనకు, పడకపోవచ్చు."

"ఆ తలుపు మనింట్లో అందరికీ వదులేనా?"

"సగం మందికి ఉండచ్చు. ఎవరికుందో పరీక్ష చేస్తే కానీ తెలీదు."

లేచి కూర్చుంది. "సరేలే మే. నీ సదువు ఎంతవరకు పనికొస్తాదో సూస్తాం." ఆమె ఒప్పుకున్నందుకు ఎంత సంతోషమైందంటే, లేచి వెళ్లి వంటింట్లో ఒంటరిగా ఏడ్చాను.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు రోగిని చూస్తాడు. ఆదోని ఆసుపత్రిలో ఆయన సన్నగా, నెమ్మదిగా, తొందరపాటు లేని మనిషి. ఆ రోజు అత్త కొత్త చీర కట్టుకుని, నుదుట కుంకుమ లేకపోయినా విభూతి దిద్దుకుని, గుడికి బయల్దేరినట్టు వచ్చింది. డాక్టరు వరసగా ప్రశ్నలడిగాడు. బీపీ ఉందా, షుగరుందా, ఆయాసమొస్తుందా. చివరికి ఆ ప్రశ్న వచ్చింది.

"మీ ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బందయ్యిందామ్మా?"

అత్త చక్కగా నవ్వింది.

"ఎవురికీ ఏం కాలేదు సార్. అందరం గుండ్రాయి మాదిరుండాం."

చిన్నాయన సంగతి డాక్టరుకు చెప్పమని రాత్రి కూడా మళ్లీ మళ్లీ చెప్పాను. సరేనంది. కానీ పొద్దున మంచి పనికని బయల్దేరింది కదా. మంచి పని మొదలుపెట్టే పూట చిన్నాయన మాట ఎత్తదు. ప్రాణం పోయినా ఎత్తదు. ఈ మాట అక్షరాలా నిజమయ్యేదే.

"అత్తా!" అని అరిచానట, బయట వరండాలో ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారట. ఆమెను రక్తపరీక్షకు పంపించేసి డాక్టరుతో అంతా చెప్పాను. చిన్నాయన, అవ్వ ఏడుపు, కాల్షియం, రిసెప్టరు. డాక్టరు ఓపికగా విన్నాడు.

"మేడమ్, మీరు చెప్పేది నిజమైతే నేను ఈ ఆపరేషన్ చేసే పద్ధతి మొత్తం మార్చాల. వెన్నులో ఇంజెక్షన్‌తో సరిపెడదామంటే, లోపలంతా అతుక్కోనుంటాదంటున్నాడు సర్జన్, అది చాలదు. పూర్తి మత్తే ఇవ్వాల. అట్లయితే గ్యాసులు లేకుండా ఇవ్వాల. మిషను కడగాల. ఆ జబ్బుకు విరుగుడు మందు ఒకటే ఉంది, అది ఇక్కడ దొరకదు, బెంగళూరు నుంచి తెప్పించాల. అది చేతిలో లేకుండా నేను ముట్టుకోను. అంతదాకా ఆమె ఆగాల, ఆగితే చీము ప్రమాదం. అందుకే అడుగుతాండ. మీరు ఆ రోజు చూసినారా?"

"నాకు మూడేళ్లు."

"చూసినవాళ్లెవరైనా ఉన్నారా?"

చూసినవాడు బయట వరండాలో, చెప్పులు విడిచి, గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు ఏమీ గుర్తులేదు కదా. అయినా వెళ్లాను. అరవలేదు. అరవడానికి నాలో ఓపిక మిగల్లేదు.

"నాయనా, నువ్వు చెప్పకపోతే అత్త పోతాది," అన్నాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. లోపలికి వచ్చి, డాక్టరు కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు.

"నన్ను బయట కూసోబెట్టినారు సార్. కొంచేపటికే లోపల్నుంచి అరుపులు. నన్ను పిల్సినారు. నేను పోయేసరికి నా తమ్మునికి కాళ్లు, సేతులు కట్టెలు. నోట్లో గొట్టం ఏద్దామని డాక్టరు పెనుగులాడతాండాడు, దవుడ తెరుసుకోల్యా. నేను సెయ్యి పట్టుకుంటి. కాలింది సార్. జ్వరం కాదు, నిజింగా కాలింది. ఐసు తెమ్మని డాక్టరు నన్ను బజారుకు తరిమినాడు. సోడా అంగట్లో ఐసు గడ్డలు గోనెసంచిలో ఏసుకోని పరిగెత్తుకోని వస్తి. ఆయప్ప వాని ఒళ్లంతా ఐసు పెట్టి రుద్దతానే ఉండె. ఆయప్పే ఏడ్సినాడు సార్. వాడు పోయినాక కూడా ఒళ్లు సల్లబడల్యా."

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. అన్నేళ్లలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను ఎరగను. అయిపోయిందనుకున్నాను. కాలేదు.

"అది మత్తు వల్ల కాదు సార్. నా వల్ల." నాన్న బల్ల అంచు పట్టుకున్నాడు. "ఏమీ తినద్దు, తాగద్దు అని సెప్పినారు. వాడు పొద్దున్నే ఆకలన్యాడు. సిన్నోడు కదా, తట్టుకోలేకపోయినా. నాకని సెప్పి ఇంట్లో ముంతనిండా జొన్నంబలి పోయించుకోని వచ్చి వానికి తాపిచ్చినా. డాక్టరు అడిగితే ఏం పెట్టలేదని అబద్ధం సెప్పినా. నేనే సంపుకున్యా సార్ నా తమ్ముణ్ని. వీదోళ్లు పోయి ఆయప్ప మీద రాళ్లేస్తాంటే నోరు మూసుకోని నిలబడినా."

ముప్పై అయిదేళ్లు. మా నాన్న గొడవలు లేని మనిషని, నోట్లో నాలుక లేదని అందరూ అనేవాళ్లు. నేనూ అన్నాను. మొన్నటిదాకా మొండివాడని అరిచాను. కుర్చీలో కూర్చోలేక నేను కూడా లేచి నిలబడ్డాను.

డాక్టరు లేచి వచ్చి నాన్న భుజమ్మీద చెయ్యి వేశాడు.

"పెద్దాయనా, నా మాట వినండి. తిని మత్తు తీసుకుంటే ప్రమాదమే, కాదన్ను. వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతాది, ఊపిరాడదు. కానీ దవడ బిగుసుకోదు. ఒళ్లు కట్టె కాదు, ఐసు పెట్టినా చల్లబడకుండా కాలదు. అంబలి అట్లాంటి పని చేయలేదు. మీ పాప చెప్పిందే నిజమనిపిస్తాంది. మీ తమ్మునికి ఒంట్లోనే ఆ తేడా ఉంది. అప్పుడు విరుగుడు మందు ఈ ప్రాంతంలో ఎవరి దగ్గరా లేదు. ఆ డాక్టరు చేతనైనదంతా చేసినాడు. మీరేం చంపలేదు."

నాన్న చేతులు జోడించాడు. "మా అక్కకు మాత్రం సెప్పద్దండి," అన్నాడు.

మందు అయిదో రోజున బెంగళూరు నుంచి రైల్లో వచ్చింది. ఆ అయిదు రోజులూ అత్తను ఆసుపత్రిలోనే ఉంచి, మందులతో జ్వరాన్ని కట్టడి చేశారు. డాక్టరు తనే దగ్గరుండి మత్తు మిషనుకున్న గ్యాసు డబ్బాలు విప్పించి, పక్క గదిలో పెట్టించి, తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. గొట్టాలన్నీ కొత్తవి మార్పించాడు. పొద్దున్నుంచీ మిషనులో ఉత్త ఆక్సిజన్ పారించాడు. ఇదంతా నేను అద్దం తలుపులోంచి చూశాను. నేను బోర్డు మీద గీసే బొమ్మ కోసం, కంటికి కనపడని ఒక ప్రొటీన్ కోసం, ఒక పెద్దమనిషి ఇంత హడావిడి పడుతున్నాడు. నాకు గర్వమేసింది.

అత్తను లోపలికి తీసుకెళ్లారు. డాక్టరు ముందే చెప్పి ఉంచాడేమో, కాసేపటికోసారి ఒక నర్సు తలుపు కొంచెం తెరిచి, "వేడి మామూలుగానే ఉంది," అని చెప్పి వెళ్లేది. ఆమె వచ్చిన ప్రతిసారీ నాన్న లేచి నిలబడేవాడు, ఆమె వెళ్లాక కూర్చునేవాడు. ఎనిమిదిసార్లు లేచాడు. నేను లెక్కపెట్టాను, వేరే ఏం చేయాలో తోచక.

తొమ్మిదోసారి తలుపు తీసింది డాక్టరే. మొహానికున్న మాస్కు కిందికి లాగి నవ్వాడు.

"ఒక్క డిగ్రీ కూడా పెరగలేదు మేడమ్. బెంగళూరు మందు సీలు కూడా తీయలేదు."

నేను వరండాలో గెంతాను. అబద్ధం కాదు, చీర కుచ్చిళ్లు పట్టుకుని గెంతాను. కాలేజీలో నా దగ్గర చదివిన పిల్లోడొకడు అక్కడెవర్నో చూడటానికి వచ్చి నిలబడి ఉన్నాడు. పరువు పోతే పోయింది. మా ఇంటికి కత్తి పడింది! ఆ రోజు నేను గెలిచాను, అత్త గెలిచింది, మా నాన్న నోరు గెలిచింది.

కళ్లు తెరవగానే అత్త అడిగిన మొదటి ప్రశ్న, "నా ముక్కుపుడక యాడ పెట్టినారు?" ఆమె నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. హాయిగా ఉంది. రెండో ప్రశ్న, ఆ గదిలో ఇంత చలి ఎందుకని. మూడోది ఆ నర్సు పెళ్లి గురించి. ఇక బతికినట్టేనని మాకు అర్థమైంది.

డాక్టరు మా ముగ్గురి రక్తాన్నీ జన్యు పరీక్షకు పంపించాడు. ఫలితం రావడానికి వారాలు పట్టింది. అది వచ్చిన రోజు ఆదివారం. అత్త కుట్లు మానిపోయి, నడవలో పీట మీద కూర్చుని, మగ్గానికి ఎక్కించబోయే కొత్త పడుగు సరిచేస్తున్న నాన్నకు పని నేర్పుతోంది. యాభై ఏళ్లుగా నేస్తున్న మనిషికి. నా ఫోన్లో రిపోర్టు తెరిచి, ఇద్దర్నీ వినమన్నాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కొక్క ముక్కే తెలుగు చేస్తూ చదివాను.

కండరాల్లో కాల్షియం వదిలే రిసెప్టరు అది. ఆ ప్రొటీన్ కొన్ని వేల ముక్కల గొలుసు. ఆ గొలుసులో ఒకేఒక్క ముక్క స్థానంలో వేరే ముక్క ఉంది. అత్తలో ఉంది, నాన్నలో ఉంది, నాలోనూ ఉంది. ముగ్గురిలోనూ అదే చోట. ఈ తేడా ఉన్నవాళ్లకు ఫలానా మత్తు గ్యాసులు ఇవ్వరాదు.

"ఒక్క ముక్కేనా?" అంది అత్త.

"ఒక్కటే అత్తా. చిన్నాయనకు కూడా అదే ఉండి ఉంటాది."

నాన్న చేతిలోని నూలు కింద పెట్టేశాడు. డాక్టరును చెప్పొద్దని బతిమాలిన మనిషి, తనే అక్క ముందుకొచ్చి నేలమీద చతికిలబడ్డాడు.

"అక్కా, ఆ పొద్దు నేను వానికి అంబలి తాపిచ్చినా. నాకని సెప్పి నీతోనే పోయించుకోని పోయినా. ఇన్నేండ్లూ దాని వల్లే పోయినాడనుకున్యా."

అత్త కళ్లల్లో నీళ్లు తిరగడం నేను అంతకుముందు చూడలేదు, నొప్పితో మెలికలు తిరిగినప్పుడు కూడా.

"లేయ్ పిచ్చోడా. నువ్వు ఏ పొద్దన్నా పొద్దున్నే అంబలి తాగినావా? నీకు టీ పడకపోతే కన్ను తెరవవు. అది ఎవురికో నాకు తెల్దనుకున్యావా? తెలిసే పోసినా. వానికిష్టమని మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ కోసి ఏసి ఇచ్చినా. నువ్వు తాపిస్తివి, నేను పంపిస్తి. నేనే సంపినాననుకున్యా. నాకూ అదే కత్తి కింద పోయే రాత ఉండాదని, ఆపరేషనంటే అందుకే వద్దంటి."

ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటూ ఇటూ మగ్గాల మీద కూర్చుని, ముప్పై అయిదేళ్లు ఒకే నేరం మోశారు. ఒకరికొకరు చెప్పుకోకుండా మోశారు. నాన్న అక్క మోకాళ్ల మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఆయన జుట్టు నిమురుతూ, "ఊరుకోరా, ఊరుకో, మనం కాదంట కదా, మనం కాదంట," అంటూనే ఉంది. అంటూ అంటూ నవ్వేసింది. నాన్న కూడా తలెత్తి నవ్వాడు. ఆయన నవ్వితే పై పళ్ల మధ్య సందు కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

కాసేపటికి అత్త కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, అరుగు మీదికి నడిచింది.

"రామే ఈడికి. అది మల్లా సదువు. గట్టిగ సదువు."

"అందరూ వింటారత్తా."

"వినాలనే. ఈ వీదే కదా ఆ డాక్టరు మీదికి రాళ్లు తీసుకోని పోయింది."

చుట్టుపక్కల మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. గుమ్మాల్లోకి మనుషులొచ్చారు. ఎదురింటి పెద్దాయన, ఆ రోజు రాళ్లు విసిరినవాళ్లలో ఒకడు, కర్ర పట్టుకుని అరుగు చివర కూర్చున్నాడు. నేను మొదటి నుంచి చదివాను. చిన్నాయన గురించి, ఆయన పేరు పెట్టి, మా ఇంట్లో కొత్త పడుగు ఎక్కుతున్న రోజున చదివాను. అయిపోగానే అత్త నా మోచెయ్యి పొడిచింది.

"ఆ డాక్టరు తప్పేం లేదని కూడా సదువు."

"అది ఇందులో రాసి లేదత్తా."

"ల్యాకపోతే నువ్వు కలుపు. పాఠాలు సెప్పేదానివి కదా."

కలిపాను. వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా చదివాను.